మద్దిలేటి బిగించిన చివర

ఆ అల్యూమినియం గొట్టాన్ని సుంకన్న నాలుగు నెలలుగా కడగలేదు. కడగడం మాట అటుంచి, విప్పనైనా లేదు. పాలిథీన్ సంచిలో చుట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో చుట్టి, బీరువా మీద అటకలోకి తోసేశాడు. వాళ్ళావిడ తన నగలను కూడా అంత భద్రంగా దాచుకోదు.

అది రాకెట్టు మోటారు. దీపావళి తారాజువ్వ ఒకసారి కాలిందంటే దాని పని అయిపోయినట్టే. ఈ గొట్టం అలా కాదు. లోపలి మందు కాలిపోతుంది, గొట్టం మిగులుతుంది. దాన్ని విప్పి, మసి కడిగి, కొత్త మందు దిమ్మెలు పెట్టి, కొత్త రబ్బరు రింగులు వేసి బిగిస్తే మళ్ళీ ఎగురుతుంది. గొట్టానికి రెండు చివరలా రెండు మూతలు, మూతకొక రింగు. లోపలి నిప్పు దారి తప్పకుండా ఆపేది ఆ రింగే. చూడ్డానికి గాజంత కూడా ఉండదు.

ఈ పిచ్చి సుంకన్నకు అంటించినవాడు పక్కీరప్ప ఉస్తాద్. ఆదోనిలో జిన్నింగు మిల్లుల వెనక ఆయనకు లేత్ షాపు ఉంది. మిల్లు యంత్రాలకు షాఫ్టులు తిప్పడం ఆయన బతుకుతెరువు, రాకెట్లు ఎగరెయ్యడం ఆయన సరదా. చుట్టూ పదిమంది శిష్యులు చేరారు. పత్తి తీసేసిన నల్లరేగడి చేలల్లో, అనుమతి కాగితం తెచ్చుకుని మరీ, ఆదివారం పొద్దున మనిషెత్తు రాకెట్లు వదిలేవాళ్ళు. అవి పైకి పోయి, గొడుగు విప్పుకుని, గాలికి కొట్టుకుపోతూ దిగేవి. పెళ్ళీడు పిల్లలున్న మగవాళ్ళు వాటి వెంట చేలకడ్డంపడి పరిగెత్తుతుంటే గొర్రెల కాపరులు కూర్చుని నవ్వుకునేవాళ్ళు.

సరదా పనే అయినా ఉస్తాద్ కట్టుబాట్లు మాత్రం సరదావి కావు. కడగడానికి చింతపండు నీళ్ళు, పళ్ళు తోముకునే బ్రష్షు, వెదురు పుల్ల. ఇనుము తగలకూడదు, గీత పడుతుంది. తీసిన పాత రింగును అక్కడికక్కడే కత్తెరతో తుంచెయ్యాలి, మళ్ళీ వాడదామన్న ఆశ పుట్టకుండా. పొద్దుగూకేలోగా కడిగేయాలి, లేకపోతే మసి చెమ్మ పీల్చుకుని లోహాన్ని తినేస్తుంది.

అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. ఒక మోటారుకు ఇద్దరు మనుషులు. ముందు చివర ఒకరు బిగిస్తారు, వెనక చివర మరొకరు. ఒకరు బిగించినదాని మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. సాయంత్రం ఎవరి చివర వాళ్ళే విప్పుకుని, వాళ్ళే కడుక్కోవాలి.

"ఇద్దరెందుకు ఉస్తాద్, ఒకరు చాలదా?" అని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు.

"తిన్న పళ్ళెం ఎవరిది వాళ్ళు కడుక్కుంటే ఇంట్లో కొట్లాటలుండవప్పా" అనేవాడాయన. అంతకుమించి చెప్పేవాడు కాదు.

సుంకన్నది వెనక చివర. ముందు చివర మద్దిలేటిది. ఏడేళ్ళుగా అంతే. సుంకన్న పాలిటెక్నిక్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. మద్దిలేటి బోరు మోటార్లకు వైండింగు చేసేవాడు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే అక్క ఈరక్క వాణ్ణి సాకింది. బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ అమ్మి పెంచింది. వాడికి పెళ్ళి చెయ్యాలని తను చేసుకోకుండా ఉండిపోయింది. వాడేమో అక్కకు పెళ్ళి కాకుండా నాకేంటని వాయిదా వేస్తూ వచ్చాడు. అలా ఇద్దరూ మిగిలిపోయారు.

మార్చి నెలలో ఒక ఆదివారం వాళ్ళిద్దరూ బిగించిన మోటారుతో రాకెట్టు లేచింది. కొంత దూరం బాగానే పోయింది. ఆ తర్వాత రాకూడని చోటు నుంచి పొగ వచ్చింది, ఒక పక్కకు ఒరిగింది, గొడుగు విప్పుకోలేదు. ఉత్త కట్టెలాగా తలకిందులై వచ్చేస్తుంటే అందరూ అరుస్తూ తలా ఒక దిక్కుకు పరిగెత్తారు. మద్దిలేటీ పరిగెత్తాడు. వాడు పరిగెత్తిన వైపే అది పడింది.

ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. పోలీసులు వచ్చి ప్రమాదమని రాసుకున్నారు, ఆ వారంలోనే మోటారు గొట్టం, మిగతా ముక్కలు సుంకన్న చేతికిచ్చి పంపారు. ఉస్తాద్ ఆ రోజు నుంచి రాకెట్టు మాట ఎత్తలేదు.

ఊరు మాత్రం ఎత్తింది. చచ్చినవాడు ఎదురు చెప్పడన్న సంగతి ఊరికి బాగా తెలుసు. మద్దిలేటి ముందు నుంచీ తొందర మనిషే కదా అని ఒకరన్నారు. ముందు మూత సరిగ్గా బిగించి ఉండడు అని ఇంకొకరన్నారు. చూసినట్టు చెప్పేవాళ్ళు కొందరు, చూసినవాళ్ళు చెప్పారని చెప్పేవాళ్ళు కొందరు. రెండు నెలలు తిరిగేసరికి తప్పు మద్దిలేటిదేనని ఖాయమైపోయింది. సుంకన్న అవుననలేదు, కాదనలేదు. టీ తాగి, గ్లాసు పెట్టేసి, లేచి వచ్చేవాడు.

అతనికి ఒక సంగతి గుర్తుంది. ఆ పొద్దున వెనక మూత తిప్పుతున్నప్పుడు, ఆఖరు చుట్టులో చేతికి ఏదో చిన్నగా పట్టినట్టయింది. రింగు నలిగిందేమో అనిపించింది. విప్పి చూస్తే పావుగంట పని. ఎండెక్కుతోంది, అందరూ ఎదురుచూస్తున్నారు. గట్టిగా ఒక్క తిప్పు తిప్పాడు, పట్టు వదిలింది. ఏం లేదులే అనుకున్నాడు.

ఆ ఒక్క తిప్పు అతణ్ణి నాలుగు నెలలుగా తింటోంది. అందుకే రోజూ తెల్లారకముందే ఈరక్క అంగడికి వెళ్ళి, కొళాయి దగ్గర నుంచి నాలుగు బిందెల నీళ్ళు మోసిపెట్టేవాడు. "వాడు పోయినా నాకు ఇంకో తమ్మున్ని ఇచ్చిపోయినాడు" అని ఆమె వచ్చేపోయేవాళ్ళతో చెప్పేది. అది విన్నప్పుడల్లా సుంకన్నకు ఆ బిందెతో సహా భూమిలోకి దిగిపోవాలనిపించేది.

జులైలో ఒక ముసురు పొద్దున ఈరక్క ఉల్లిగడ్డలు తరుగుతూ తరుగుతూ ఆగింది.

"తప్పు మావాడిదేనంట గదా సుంకన్నా? నువ్వు పక్కనే ఉన్నోనివి. నువ్వైనా చెప్పు."

సుంకన్న బిందె దించాడు. "తెలీదక్కా" అన్నాడు.

ఆమె మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిగడ్డల వల్లో ఇంకెందువల్లో అతను అడగలేదు.

ఆ మధ్యాహ్నం అతను సంచి దించుకుని ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు. వానకు కరెంటు లేదు, లేత్ ఆగి ఉంది. ఉస్తాద్ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు. సంచిలో ఏముందో విప్పకముందే తెలిసినట్టు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఎవరి చివర పోయిందో మీరు చూసి చెప్పల్ల ఉస్తాద్" అన్నాడు సుంకన్న. "మీరు ఏం చెప్తే అదే."

"నాలుగు నెలలు యాడుండె ఇది?"

"ఇంట్లోనే."

ఉస్తాద్ లోపలికి పోయి చింతపండు పిసికిన నీళ్ళు ఒక బేసినులో తెచ్చి బల్ల మీద పెట్టాడు. బ్రష్షు, వెదురు పుల్ల, ఉతికిన తెల్లగుడ్డ పేలికలు తెచ్చాడు. గొట్టాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే పట్టుకున్నాడు.

"ముందు చివరది విప్పనీకి మనిషి లేడు" అన్నాడు. "వాని బదులు నేను విప్పుతా."

మసి గట్టిపడి మూత మొరాయించింది. ఆయన దాన్ని తిట్టలేదు, బలవంతం చెయ్యలేదు. మూత మర చుట్ల మీద చుక్కచుక్కగా నూనె వేసి, ఆగి, కొంచెం తిప్పి, మళ్ళీ ఆగి, అలా అరగంట పట్టింది. చివరికి ఊడింది. రింగు చుట్టూ లోపలి వైపంతా నల్లగా పేరుకుని ఉంది. రింగు మాత్రం నిండుగా, ఎక్కడా చిట్లకుండా, పెట్టినచోట పెట్టినట్టే ఉంది. ఉస్తాద్ ఒక పేలిక తీసుకుని రింగుకు అవతలి వైపు గట్టిగా తుడిచాడు. గుడ్డ తెల్లగానే ఉంది. మసి అటు దాటలేదు.

ఆయన ఆ గుడ్డను బల్ల మీద పరిచి పెట్టాడు. మద్దిలేటి మూతను దాని మీద ఉంచాడు.

రెండు చివరలున్న గొట్టంలో ఒకటి బాగుందంటే, రెండోదాని సంగతి తెలుసుకోవడానికి ఎవరికీ కళ్ళద్దాలు అక్కర్లేదు. కానీ ఉస్తాద్ అప్పుడే తన కళ్ళద్దాలు తీశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొట్టాన్ని తిప్పి, వెనక చివర సుంకన్న వైపు వచ్చేటట్టు ముందుకు జరిపాడు.

"ఇది నీది. నువ్వే తియ్యి."

తలుపు దగ్గరికి పోయి, స్టూలును వాన వైపు తిప్పుకుని, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. కళ్ళద్దాలు లేకపోతే ఆయనకు తన అరచెయ్యి కూడా సరిగ్గా కనపడదు. ఆ సంగతి బజారంతా ఎరుగుదురు. ఒకసారి అద్దాలు మరిచిపోయి పెళ్ళికి పోయి, పెళ్ళికొడుకు అనుకుని వంటమేస్త్రీ చేతిలో చదివింపులు పెట్టి వచ్చాడు.

సుంకన్న విప్పాడు. అతనికి అరగంట పట్టలేదు. నాలుగు చుట్లకే వదులై చేతిలోకి వచ్చేసింది. రింగు ఒకచోట గోరు పట్టేంత మేర కోసుకుపోయి ఉంది. ఆ కోత దగ్గర నుంచి మసి నాలుక చాచినట్టు అవతలికి పారింది. అది పారిన దారిలో అల్యూమినియం కరిగి గుంట పడింది. నాలుగు నెలల చెమ్మకు ఆ గుంట చుట్టూ తెల్లగా పొడి కట్టింది.

చేతికి పట్టినట్టయింది సరిగ్గా అక్కడే.

అతను ఆ మూతను పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. బేసిను పక్కనే ఉంది. ముంచి నాలుగు రుద్దులు రుద్దితే మసి పోతుంది. కోసుకున్న రింగును ఎలాగూ కత్తెరతో తుంచాల్సిందే, అది ఉస్తాద్ పెట్టిన నియమమే. తుంచాక ఏ కోత ఎప్పటిదో ఎవరు చెప్పగలరు? గుంట నాలుగు నెలల తుప్పని అనొచ్చు. దొరికితేనే కదా దొంగ. అతనికి ఆ ఆలోచన వచ్చింది. వచ్చినందుకు ఏడుపు వచ్చింది.

"కడిగేయమంటారా ఉస్తాద్?" అన్నాడు.

"నీ ఇష్టమప్పా" అన్నాడు ఉస్తాద్, తల తిప్పకుండా. "నాకేం కనపడదు."

వాన కురుస్తూనే ఉంది. సుంకన్న బల్లకు ఆనుకున్నాడు. ఆ పొద్దున చేతికి పట్టిన సంగతి, విప్పి చూడని సంగతి, మొత్తం ఆయన వీపుకే చెప్పాడు. ఏ ఒక్కరితోనూ అనని మాటలు అవి. చెబుతూ చెబుతూ మధ్యలో చిన్నపిల్లవాడిలా వెక్కాడు.

"ఆ పొద్దు మీరు ఒక్క మాట అడిగుంటే..." అన్నాడు చివరికి.

"అడగలేదు" అన్నాడు ఉస్తాద్. "అంతా బాగుందా అని మొదట్లో ప్రతిసారీ అడుగుతాంటి. మీరిద్దరూ పనిమంతులని అడగడం మానేసినా. అది నాది. దాన్ని నేను చూసుకుంటా."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఎవరి పిడికిలి ఎంతో కొలుచుకుందామని సుంకన్నకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఉస్తాద్ వంగిన వీపు చూశాక ఆ ఆశ చచ్చిపోయింది. ఆయన కూడా ఈ నాలుగు నెలలూ సుఖంగా లేడని అప్పుడు తెలిసింది.

అతను రెండు మూతలనూ, తెగిన రింగునూ, ఆ తెల్లగుడ్డనూ కడగకుండానే కాగితంలో చుట్టుకున్నాడు. గొట్టాన్ని బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు.

మర్నాడు తెల్లారకముందు ఎప్పటిలాగే నాలుగు బిందెలూ మోశాడు. అప్పుడు అంగడిలో ఈరక్క తప్ప ఎవరూ లేరు. నోరు తెరవబోయి ఆగాడు. మద్దిలేటి మీద నింద పడింది నలుగురి మధ్యన. చాటుగా వచ్చి తీసేస్తే అది పోయేది కాదు. జేబులో పొట్లం పెట్టుకుని బస్టాండులోనే తొమ్మిదింటి దాకా కూర్చున్నాడు. బెంచీలు నిండాక, మద్దిలేటిని తొందర మనిషని మొదట అన్నవాడు ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడ్డాక, అప్పుడు వెళ్ళాడు.

"అక్కా, నిన్న నువ్వు అడిగినావే. తెలీదంటి. ఇప్పుడు తెలిసింది. తప్పు నాది."

ఈరక్క బాణలిలో గరిటె ఆపింది.

అతను పొట్లం విప్పి చూపించాడు. కుక్కరుకు గాస్కెట్ ఎట్లాంటిదో దీనికి ఈ రింగు అట్లాంటిదని చెప్పాడు. ఇది మద్దిలేటి బిగించింది, చూడు, గుడ్డ తెల్లగా ఉందన్నాడు. ఇది నేను బిగించింది అన్నాడు.

ఆమె చాలాసేపు చూసింది.

"గాస్కెట్ సరిగ్గా కూచోలేదని నీకు అప్పుడే తెలుసునా?"

"అనుమానం వచ్చిందక్కా. విప్పి చూడలేదు."

"యాల చూడలేదు?"

"ఎండెక్కుతాండె. అందరూ ఎండలో నిలబడుండ్రి."

"మావాడూ ఎండలో నిలబడే ఉండె గదా నాయనా" అంది ఈరక్క.

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతను ఆ తర్వాత చాలా ఏళ్ళు అనుకున్నాడు. బజ్జీలు నూనెలో నల్లబడుతున్నాయి. ఎవరో లేచి స్టవ్వు ఆపారు. ప్లేటు పట్టుకున్నవాడు దాన్ని కింద పెట్టి, తల వంచుకుని జారుకున్నాడు.

ఆమె మద్దిలేటి మూతను తీసుకుంది. కొంగుతో తుడవబోయి, మసి చూసి, డబ్బాలోంచి ఇంత చింతపండు తీసింది. బిందెలోంచి చెంబుతో నీళ్ళు ముంచుకుంది. ఇత్తడి చెంబు తోమినట్టు దాన్ని తోమడం మొదలుపెట్టింది. చింతపండుతో కడగాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నల్లనీళ్ళు మోచేతి దాకా కారాయి. మర చుట్లలోని మసి కూడా వేలితో తీసింది. కడిగీ కడిగీ, తెల్లబడ్డాక, దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఏడ్చింది. మద్దిలేటి పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదని చూసినవాళ్ళు అన్నారు.

"నావాడు బాగానే బిగించినాడు" అంది, తనలో తనే అనుకున్నట్టు.

సుంకన్న నిలబడే ఉన్నాడు. ఆమె మూతను పైసల గల్లాలో పెట్టి మూసింది. తలెత్తకుండానే చెప్పింది:

"రేపట్నుంచి నీళ్ళు తేవద్దు సుంకన్నా. నేను తెచ్చుకుంటా."

సుంకన్న నడుచుకుంటూ లేత్ షాపుకు వచ్చాడు. కరెంటు వచ్చింది, ఉస్తాద్ షాఫ్టు తిప్పుతున్నాడు. ఇతణ్ణి చూసి లేత్ ఆపాడు. కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాడు. బల్ల మీద గొట్టం అలాగే ఉంది, బేసినులో నీళ్ళు మాత్రం కొత్తవి.

"చెప్పొచ్చినా" అన్నాడు సుంకన్న.

"ఊ."

"ఇంక రావద్దనింది ఉస్తాద్." "నాలుగు నెలలు మోసినా గదా నీళ్ళు. మన్నిస్తాదనుకొంటి."

ఉస్తాద్ చేతికంటిన గ్రీజును గుడ్డతో మెల్లగా, ఒక్కొక్క వేలే తుడుచుకున్నాడు.

"చెప్పనీకి పోయింటివా?" అన్నాడు. "మన్నింపు తెచ్చుకోనీకి పోయింటివా?"

సుంకన్న జేబులోంచి తెగిన రింగు తీసి, కత్తెర అందుకుని, రెండు ముక్కలు చేశాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తన మూతను నీళ్ళలో ముంచాడు.